కనుబొమ్మల్ని పేను కొరకదు

రాజోలులో బస్సులు ఆగేచోటికి నాలుగడుగుల దూరంలో నలభై రెండేళ్ళు క్షవరాల కొట్టు నడిపేను. రెండు కుర్చీలు, ఎదురుగా ఒక అద్దం, వెనక గోడకి ఇంకో అద్దం. ఇక నిలబడలేమని మోకాళ్ళు చెప్పేక నిరుడు మానేసేను. మా తమ్ముడి కొడుకూ వాడి స్నేహితులూ ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నారు. వాళ్ళు పట్నంలో నేర్చుకొచ్చిన కటింగులు నాకు రావు. కాబట్టి కత్తెర గురించి నేను చెప్పేదేమీ లేదు. మన చేతి కిందకి వచ్చిన తలలో జుట్టు ఎందుకు పోతోందో ఎలా కనిపెట్టాలి, కనిపెట్టలేనప్పుడు ఏం చెయ్యాలి, అదే రాస్తాను.

ఏ మనిషికీ తన నడినెత్తి తనకి కనపడదు. అక్కడ పలచబడిందని మొట్టమొదట తెలిసేది మనకి. జుట్టు ఊడుతోందని డాక్టరు దగ్గరికి వెళ్ళేవాడు పదిమందిలో ఒకడుంటాడేమో, తొమ్మండుగురు మనల్నే అడుగుతారు. అడిగినప్పుడు మనం ఏదో ఒకటి చెప్తాం. ఆ చెప్పిన మాట పట్టుకుని వాళ్ళు వెళ్ళిపోతారు. ఆ మాట తప్పయితే ఏమవుతుందో నేను ఒక పిల్ల విషయంలో చూసేను. హర్షిత అని, అప్పటికి తొమ్మిదేళ్ళది. ఆ పిల్ల జబ్బుకి నేను తప్పు పేరు పెట్టేను. ఆ పేరు చాటున దాని అసలు బాధ నెలల తరబడి ఎవరికీ కనపడలేదు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఎక్కడ నేర్చుకున్నానో ముందు చెబితే ఎక్కడ తప్పేనో మీకు తెలుస్తుంది.

మామయ్య చేతి కింద

నాకు పని నేర్పింది మా మేనమామ సూరన్న గారు. మనిషి పొట్టి, నోరు పెద్దది. నేను ఏడో తరగతి తప్పేక తీసుకొచ్చి ఆయన పక్కన నిలబెట్టేరు. మొదటి ఆర్నెల్లూ కత్తెర ముట్టనివ్వలేదు. "ముందు తలలు నిమరరా" అనేవారు. నూనె రాసి మర్దనా చెయ్యడం నా పని. పది వేళ్ళతో తలంతా తడమాలి. పొక్కు, మచ్చ, పాత దెబ్బ, పలచబడ్డ చోటు, ఎక్కడ ఏం తగిలిందో కొట్టు ఖాళీ అయ్యేక ఆయనకి అప్పజెప్పాలి. తప్పు చెబితే మణికట్టు మీద దువ్వెనతో ఒక్కటి పడేది.

"కంటితో చూసి చెప్పేవాడు చుట్టం. చేత్తో చూసి చెప్పేవాడు మంగలి" అనేవారు.

అంత మంచి చెయ్యి ఉన్న మనిషి చేసిన చెడ్డ పని కూడా రాయాలి. తల మీద రూపాయి బిళ్ళంత మేర గుండ్రంగా జుట్టు పోతే పేనుకొరుకుడు అంటాం కదా. దానికి ఆయన వైద్యం ఏమిటంటే, ఆ చోట కత్తితో ఎర్రబడేదాకా గీకి వెల్లుల్లి నలిపి రుద్దడం. మొండిదైతే గురివింద గింజ అరగదీసి పట్టించేవారు. మంటకి మగవాళ్ళు కూడా కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. నాలుగైదు నెలలకి చాలామందికి జుట్టు వచ్చేది, మామయ్యకి పేరొచ్చేది. గురివింద విషమని, ఏమీ రాయకపోయినా ఆ జుట్టు చాలామందికి దానంతటదే వస్తుందని నేను చదివి తెలుసుకున్నాక ఆయనకి చెప్పేను.

"అయితే ఏంట్రా, ఇన్నేళ్ళూ ఊరికే గీకేనంటావా?"

"ఊరికే కాదు మామయ్యా. పుండు చేసేరు."

వారం రోజులు నాతో మాట్లాడలేదు. వెల్లుల్లి మాత్రం మానేసేరు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది ఆ వారంలోనే.

మంగళవారాలు

మంగళవారం మా కొట్లకి సెలవు. ఆ రోజు నేను శాఖా గ్రంథాలయానికి వెళ్ళేవాణ్ణి. మొదట పేపరు కోసమే వెళ్ళేను. తర్వాత బీరువాల వెంట పడ్డాను. ఒకరోజు అక్కడి లైబ్రేరియను గారు కళ్ళజోడు మీంచి చూసి అడిగేరు.

"వీర్రాజూ, నీకు జుట్టు కత్తిరించే పుస్తకం కావాలా, జుట్టు మొలిచే పుస్తకం కావాలా?"

"మొలిచేదండి. మొలిస్తేనే కదండీ కత్తిరించేది."

ఆయన వెతికి వెతికి చర్మవ్యాధుల మీద తెలుగులో ఒక లావుపాటి పుస్తకం తీసిచ్చేరు. అది మూడుసార్లు చదివేను. తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషువి మొదలెట్టేను. ఒక్కో పేజీకి ఒక్కో మంగళవారం పట్టేది. పాత క్యాలెండరు కాగితాల వెనక రాసుకునేవాణ్ణి. ఏడో తరగతి తప్పినవాడు అలా కూర్చుని రాసుకుంటుంటే కాలేజీ కుర్రాళ్ళు చూసి నవ్వుకునేవారు. నాకు మాత్రం గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది. ఆ గర్వం వల్ల మంచీ జరిగింది, చెడూ జరిగింది.

నేను మొదట నేర్చుకున్నది ఇది. తల మీద ప్రతి వెంట్రుకా కొన్నేళ్ళు పెరుగుతుంది, కొన్నాళ్ళు ఊరుకుంటుంది, రాలిపోతుంది, ఆ కుదురులోనే మళ్ళీ మొలుస్తుంది. కొబ్బరిచెట్టుకి మట్ట పండి రాలిందని ఎవరూ బెంగపెట్టుకోరు. నడిమి లేత మొవ్వు బాగుందా లేదా అని చూస్తారు. తలకీ అంతే. దువ్వెనకి నాలుగు వెంట్రుకలు వచ్చేయని భయపడేవాడికి ముందు ఈ మాట చెప్పండి.

ఏం అడగాలి

రాలిందేమిటో చూడటం కన్నా అడగడం ముఖ్యం. మొదటి ప్రశ్న, "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందాండి?"

ఒకసారి కువైట్‌లో డ్రైవరుగా చేసే కుర్రాడు సెలవు మీద వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కణతల దగ్గర రెండు పక్కలా లోపలికి వెళ్ళిపోయింది, నడినెత్తి పలచబడింది.

"అక్కడి నీళ్ళండి బాబాయ్. ఆ నీళ్ళు పోస్తే గుర్రానికైనా తోక ఊడిపోద్ది."

"మీ నాన్నగారు ఏ దేశం వెళ్ళేరండి?"

"మా నాన్నా? ఆయన గోదారి దాటలేదు కదండీ."

"ఆయ్. మరి ఆయనకీ మీ వయసులో ఇక్కడే మొదలైంది. ఆయన క్షవరం నేనే చేసేవాణ్ణి కదండీ."

పక్క కుర్చీలో ఉన్నాయన నురగ మూతితోనే నవ్వేడు. కుర్రాడూ నవ్వేడు గాని, నవ్వు సగంలో ఆగిపోయింది. అలాంటప్పుడు మీరు నవ్వకండి. ఇరవై ఆరేళ్ళవాడికి అది చిన్న సంగతి కాదు. వంశంలో వచ్చేదానికి తండ్రి వైపే అక్కర్లేదు, తల్లి వైపు నుంచీ వస్తుంది. నీళ్ళూ, టోపీలూ, తలంటు పోసుకోవడమూ కారణం కాదు. తొందరగా వెళితే నెమ్మది చెయ్యడానికి డాక్టర్ల దగ్గర మందులున్నాయి. మన బల్ల మీద ఉన్న నూనె సీసా ఆ మందు కాదు. మనకి అది అమ్మితే లాభం వస్తుంది కాబట్టే ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

రెండో ప్రశ్న, "మూడు నెలల కింద ఏమైందండి?" బండారులంక నుంచి ఒక చేనేతాయన ప్లాస్టిక్ కవరు నిండా ఊడిన జుట్టు తెచ్చి నా ముందు పెట్టేరు. తల తడిమేను. ఎక్కడా మచ్చ లేదు, అంతటా ఒకేలా పలచబడింది. మూడు నెలల కింద ఏమైందని అడిగితే, డెంగీ వచ్చి ఆసుపత్రిలో పడ్డానన్నారు. పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషను, బాగా చిక్కిపోవడం, ఇలాంటివి వస్తే వెంట్రుకలు చాలా మటుకు ఒకేసారి పెరగడం మానేస్తాయి. అప్పుడు కాదు, రెండు మూడు నెలలకి రాలతాయి. అందుకే ఎవరికీ ఆ జ్వరం గుర్తు రాదు. నిన్న మార్చిన సబ్బు మీద పెడతారు తప్పు. చాలామందికి కొన్ని నెలల్లో జుట్టు తిరిగి వస్తుంది. ఈలోగా ఎవరు ఏ నూనె అమ్మితే ఆ నూనెకి పేరొస్తుంది, మా మామయ్య వెల్లుల్లికి వచ్చినట్టు. అలా కాకుండా రాలుతూనే ఉంటే, మనిషి పాలిపోయి నీరసంగా ఉంటే, రక్తం తక్కువేమో, థైరాయిడేమో పరీక్ష చేయించుకోమనండి. అది మన పని కాదు. కాని ఆ దారి చూపించడం మన పనే.

మచ్చ మీద చర్మం నున్నగా మెరుస్తూ, వెంట్రుక మొలిచే చిన్న చిన్న రంధ్రాలు కూడా కనపడకపోతే ఆలస్యం చెయ్యనివ్వకండి. అక్కడ కుదురే చచ్చిపోతోందన్నమాట. అది తిరిగి రాదు, ఉన్నది మాత్రం కాపాడుకోవచ్చు.

ఒక మిషను, ఒక హాస్టలు

నా చేతి వల్ల జరిగిన తప్పు ఒకటి ఇక్కడే రాసేస్తాను. ఒక హాస్టలు పిల్లలకి నెలకోసారి క్షవరాలు చేసేవాణ్ణి. వరండాలో వరసగా కూర్చోబెట్టి ఒకే మిషనుతో లాగేసేవాణ్ణి. ఒక పిల్లాడి తల మీద పొట్టులా రేగి, జుట్టు మొదట్లో విరిగిపోయి ఉంది. చుండ్రనుకుని దాటిపోయేను. పై నెల వెళ్ళేసరికి వాడి వెనక కూర్చున్న నలుగురికి అదే మచ్చ. అది తామర, తలకి పట్టింది. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. పైపూతతో పోదు, డాక్టరు మాత్రలు ఇవ్వాలి. అంటించింది నా మిషనే. వార్డెను గారి దగ్గరికి వెళ్ళి ఆ మాట చెప్పేను. ఆ హాస్టలు పని పోయింది. పోవలసిందే. ఆ రోజు నుంచి తలకీ తలకీ మధ్య మిషను బ్లేడూ దువ్వెనా శుభ్రం చెయ్యకుండా నేను ఎవర్నీ ముట్టుకోలేదు. మీరూ ముట్టుకోకండి. పొట్టు రేగి జుట్టు విరిగిన తల అయితే అసలు మిషనే పెట్టకండి, ముందు డాక్టరు దగ్గరికి పంపండి.

నేను పెట్టిన పేరు

ఇక హర్షిత సంగతి. ఆడపిల్లల్ని మా కొట్టుకి తీసుకురావడం అరుదు. ఒక మధ్యాహ్నం కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు వాళ్ళ అమ్మమ్మ పాపాయమ్మ గారు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేరు. పిల్ల తల్లి దేవి కువైట్‌లో ఒక ఇంట్లో పనికి వెళ్ళి అప్పటికి ఎనిమిది నెలలు. తండ్రి రొయ్యల చెరువుల మీద పని, వారానికోసారి వస్తాడు. పిల్ల అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది.

"చూడు వీర్రాజూ, నడినెత్తిన అరచెయ్యంత పోయింది. పక్కింటావిడ పేనుకొరుకుడంటోంది. గుండు చేయించేస్తే ఒత్తుగా వస్తుందంటున్నారు."

గుండు చేస్తే జుట్టు ఒత్తుగా రాదు. కొన మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుగ్గా తగిలి అలా అనిపిస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆ రోజు చెప్పలేదు. ఎందుకంటే ఆ మచ్చ చూడగానే నా క్యాలెండరు కాగితాల్లోని పేరు నాలిక మీదికొచ్చింది.

"పేనుకొరుకుడేనండి. ఇంగ్లీషులో అలొపీసియా ఏరియేటా అంటారు. పేనుకీ దీనికీ సంబంధం లేదండి. ఒంట్లో జబ్బుల్ని కాచే శక్తి పొరపాటున జుట్టు కుదుళ్ళ మీద పడుతుంది. చాలామటుకు దానంతటదే తగ్గుతుందండి."

పాపాయమ్మ గారు నోరు తెరుచుకుని విన్నారు. నేను చెప్పిన ప్రతి ముక్కా పేనుకొరుకుడు విషయంలో నిజం. ఆ పిల్లకి ఉన్నది పేనుకొరుకుడు కాదు, అంతే తేడా.

పేనుకొరుకుడు మచ్చ వేలికి తాటిముంజె మీద పైపొరలా నున్నగా తగులుతుంది. హర్షిత తల అలా తగల్లేదు. రెండ్రోజుల గెడ్డంలా గరుగ్గా ఉంది. ఒక వెంట్రుక గోరంత, పక్కది బియ్యపుగింజంత, ఇంకోటి అప్పుడే మొలుస్తున్నట్టు. మచ్చ గుండ్రంగా కూడా లేదు, ఒక పక్కకి సాగి ఉంది. వేళ్ళు ఆ సంగతి చెప్పేయి. నేను అప్పటికే ఇంగ్లీషులో మాట్లాడుతున్నాను. మామయ్య బతికి ఉంటే దువ్వెనతో ఒక్కటిచ్చేవారు.

గుండు చేసేను. పిల్ల ఏడవలేదు, తల వంచుకుని కూర్చుంది. నీకిష్టమేనా అని నేనూ అడగలేదు, వాళ్ళ అమ్మమ్మా అడగలేదు.

రెండు నెలలకి తల మీద నల్లటి మఖమల్ పరిచినట్టు జుట్టు వచ్చింది, మచ్చ ఉన్నచోట కూడా. పాపాయమ్మ గారు పనిగట్టుకుని వచ్చి చూపించేరు. కొట్లో ఉన్నవాళ్ళందరి ఎదుటా ఆ ఇంగ్లీషు పేరు మళ్ళీ చెప్పి విడమర్చేను. ఆ రోజు నేను ఎంత సంతోషపడ్డానో తల్చుకుంటే ఇప్పుడు తల దించుకోవాలనిపిస్తుంది.

మూడు వారాలు తిరక్కుండా మళ్ళీ వచ్చేరు. పిల్ల ముఖం ఏదో బోసిగా ఉంది. కుడి కనుబొమ్మ సగం లేదు.

"ఏం వీర్రాజూ, కనుబొమ్మల్ని కూడా పేను కొరుకుద్దా?"

"కొందరికి పాకుతుందండి" అన్నాను. అదీ పుస్తకంలో ఉన్నదే.

అంతలో ఆవిడ ఫోను మోగింది. దేవి, వీడియోలో. పాపాయమ్మ గారు చప్పున పిల్ల నెత్తిన ఊలు టోపీ కనుబొమ్మల మీదికి లాగేసి, "నవ్వుతూ మాట్లాడు. తల గురించి ఒక్క ముక్క చెప్పకు" అని గొంతు తగ్గించి చెప్పేరు. నాకేసి తిరిగి, "దానికి తెలిస్తే పని వదిలేసి వచ్చేస్తుంది. లేదంటే పిల్లని నేను సరిగ్గా చూడట్లేదంటుంది. రెండిట్లో ఏది జరిగినా నేను బతకలేను" అన్నారు.

నేను అటు తిరిగి సామాను తుడుచుకుంటున్నాను. ఎదుటి అద్దంలో వెనక బల్ల మీద కూర్చున్న పిల్ల కనపడుతోంది. ఎడమ చేత్తో ఫోను పట్టుకుని నవ్వుతూ, బడి గురించి చెబుతోంది. కుడి చెయ్యి మెల్లిగా టోపీ కిందకి వెళ్ళింది. బొటనవేలూ చూపుడువేలూ కలిసేయి. చిన్నగా లాగి, చూసుకుని, గౌను మీద రాల్చేసింది. మాట మధ్యలో ఆగలేదు, నవ్వు ఆగలేదు. చెయ్యి మళ్ళీ వెళ్ళింది.



విడిచిపెట్టిన పేజీ

మర్నాడు మంగళవారం. గ్రంథాలయానికి వెళ్ళి ఆ లావుపాటి పుస్తకం తీసేను. మూడుసార్లు చదివేనని చెప్పేను కదా. పేనుకొరుకుడు అయిపోయేక రెండు పేజీల అవతల చిన్న పేరా ఉంది. తమ జుట్టు తామే పీక్కోకుండా ఉండలేకపోవడం ఒక జబ్బని, పిల్లల్లో కూడా వస్తుందని, మచ్చలో వెంట్రుకలు రకరకాల పొడుగుల్లో విరిగి ఉంటాయని, కనుబొమ్మలూ కనురెప్పల వెంట్రుకలూ కూడా పీక్కుంటారని. మూడుసార్లూ దాన్ని దాటేసేను. ఇలాంటివాళ్ళు మన కొట్టుకి ఎక్కడొస్తారులే అనుకున్నాను. తల మీద పట్టుకు చిక్కే జుట్టు లేకుండా గుండు చేసింది నేను, అందుకని ఆ చెయ్యి కనుబొమ్మకి వెళ్ళింది. తల మీద జుట్టు తిరిగి వచ్చింది కూడా పట్టు చిక్కకే.

సాయంత్రం సైకిలు మీద వాళ్ళ ఇంటికి వెళ్ళేను. పాపాయమ్మ గారు అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతున్నారు. పిల్ల లోపల చదువుకుంటోంది. నేను అద్దంలో చూసింది చెప్పేను. ఆవిడ చేట పక్కన పెట్టి లోపలికి వెళ్ళి పిల్లని రెక్క పట్టుకుని తీసుకొచ్చేరు.

"నువ్వేనా? నువ్వేనా పీక్కుంటున్నది?"

ఆవిడ చెయ్యి పైకి లేచింది. నేను మధ్యలోకి వెళ్ళేను.

"కొట్టకండి పాపాయమ్మ గారూ. ఇది జబ్బండి. తప్పు చెప్పింది నేను, కొడితే నన్ను కొట్టండి."

"నిన్నేం కొట్టను. నువ్వే కదా పేనుకొరుకుడన్నావు. నోరు తిరగని పేరొకటి చెప్పేవు. ఆ పేరు నేను ఊరందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడేమో నా మనవరాలు పిచ్చిదై పీక్కుంటోందని చెప్పుకోమంటావా?"

"పిచ్చి కాదండి. వీర్రాజు తప్పు చెప్పేడని చెప్పుకోండి. మా కొట్లో నేనూ అలాగే చెబుతాను."

పిల్ల గోడకి ఆనుకుని నిలబడి అంది, "అమ్మమ్మా, నేను కావాలని కాదు. చెయ్యి వెళ్తుంది. పీకేక కాసేపు బాగుంటుంది. తర్వాత ఏడుపొస్తుంది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"తాతగారు పేనుకొరుకుడన్నారు కదా. జుట్టు పోతున్నది నా వల్ల కాదేమో అనుకున్నాను."

నా పనిలో ఇంతకన్నా పెద్ద మాట నేను వినలేదు. పేరు పెట్టేవాడు ఏం చెయ్యగలడో ఆ మాటలో ఉంది.

దేవికి చెప్పాలని నేను, వద్దని ఆవిడ. చివరికి పిల్లే ఫోను తీసి నొక్కింది. అవతల దేవి వంటింట్లో నిలబడి ఉంది, నెత్తికి గుడ్డ కట్టుకుని. నేను ఉన్నదున్నట్టు చెప్పేను, గుండు సంగతి కూడా. దేవి మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యేక ఒక్కటే అడిగింది.

"బాబాయ్ గారండీ, నేను వచ్చేస్తే తగ్గుతుందాండి?"

పాపాయమ్మ గారు నా ముఖంలోకి చూస్తున్నారు, పిల్ల చూస్తోంది. ఔనంటే దేవి మూటా ముల్లే కట్టుకుని వచ్చేస్తుంది. కాదంటే నిశ్చింతగా ఉంటుంది. ఊళ్ళో ఎవర్ని అడిగినా తల్లి బెంగేనని తేల్చేసేవారు. కాని తల్లులు గల్ఫు వెళ్ళిన పిల్లలు మా వైపు ఇంటికొకరు ఉన్నారు. వాళ్ళందరూ జుట్టు పీక్కోవట్లేదు. తల్లి పక్కనే ఉండి పీక్కునే పిల్లలూ ఉంటారని ఆ పేరాలోనే ఉంది.

"తెలియదమ్మా" అన్నాను. "ఒకసారి తెలుసనుకుని చెప్పి ఇంతదాకా తెచ్చేను. అమలాపురంలో చర్మం డాక్టరమ్మ గారున్నారు. నేను కూడా వెళ్తాను. ఆవిడ చెప్పేక నువ్వు ఆలోచించుకో."

దేవి పొయ్యి కట్టేసింది. తర్వాత, "అమ్మలూ, టోపీ తియ్యి, చూస్తాను" అంది. పిల్ల తీసింది. "ఇంకా దగ్గరగా పెట్టు." పెట్టింది. "అచ్చం మీ తాతయ్య తలే. గుండ్రంగా, బొండాంలా." పిల్ల కిసుక్కున నవ్వింది. పాపాయమ్మ గారు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వీధివైపు తిరిగేరు.

తర్వాత

డాక్టరమ్మ గారు దీపం ఉన్న భూతద్దంతో చూసి, కుదుళ్ళు బాగానే ఉన్నాయని, ఇది పీక్కోవడమేనని చెప్పేరు. "జబ్బే. కాని తిట్టినా కొట్టినా ఎక్కువవుతుంది. కారణం ఒక్కటేనని ఎవరి మీదా పెట్టకండి" అన్నారు. పిల్లల మనసు వైద్యం చేసేవారి దగ్గరికి కాకినాడ పంపేరు. అక్కడ నేర్పింది నాకు బాగా నచ్చింది. చెయ్యి ఎప్పుడు వెళ్తోందో పిల్లే గమనించుకుని ఒక నోటుపుస్తకంలో గీత పెట్టుకోవాలి. చెయ్యి లేస్తోందని తెలియగానే దానికి వేరే పని ఇవ్వాలి. ఆ పని ఏమిటో ఇంట్లోవాళ్ళే చూసుకోవాలి.

దేవి గడువు పూర్తి చేసుకునే వచ్చింది, ఏడాది పైన పట్టింది. ఈలోగా హర్షిత కనుబొమ్మ వచ్చింది. పరీక్షలప్పుడు పోయింది, మళ్ళీ వచ్చింది. తల్లి వచ్చి పక్కన ఉన్న నెలల్లో కూడా ఒకసారి తిరగబెట్టింది. అంచేత ఆ రోజు నేను తెలియదనడం మంచిదే అయింది. ఇప్పుడా పిల్ల డిగ్రీ చదువుతోంది. పూర్తిగా తగ్గిందని రాయలేను. దాని చేతిలోకి వచ్చిందని రాయగలను.

కాకినాడ వెళ్ళొచ్చిన నాలుగు నెలలకి అనుకుంటాను, పాపాయమ్మ గారు కొట్టు ముందు ఆటో దిగేరు. చంకలో కొత్త కొబ్బరి చీపుళ్ళు రెండు.

"ఇదిగో వీర్రాజూ, ఉంచు."

"నాకెందుకండీ?"

"దాని చేతికి పనివ్వమన్నారు కదా అని మట్టలు ముందు పడేసి ఈనెలు తియ్యమన్నాను. చెయ్యి లేచినప్పుడల్లా తీస్తోంది. మా వీధిలో ఇల్లిల్లూ పంచేను. ఇంక తీసుకునేవాళ్ళు లేరు."

"గీతలు ఎలా ఉన్నాయండి?"

"నిన్న రెండు. మొన్న ఏమీ లేవు." ఆవిడ చీపుళ్ళు గుమ్మం పక్కన ఆనించి, ఆటో వైపు వెళుతూ వెనక్కి తిరిగేరు. "తొందరగా అరగ్గొట్టు. ఆదివారం మళ్ళీ తెస్తాను."